రత్నక్క జడ, బియ్యపు గింజంత ప్లాస్టిక్

నాకు కోపం జల్ది వస్తది. ఈ మాట ముందే చెప్పి మొదలువెడ్త, ఎందుకంటే ఈ ముచ్చటల నా కోపం చేసిన పాపం ఒకటున్నది. నా పేరు తుకారాం. బొంబాయిల ఒక క్యాన్సర్ ఆస్పత్రి వర్క్‌షాపుల లేతు మిషన్ నడుపుత. ఏ ఆస్పత్రో మీకెందుకు, ఇడిసిపెట్టుండ్రి. ఉండేది కామాటిపుర పదకొండో గల్లీల. మా తాతలు ఈ పట్నం మేడలకు రాళ్లు మోసిన్నాటి సంది అదే చాళి. ఒక్క వరండా, వరండా పొంటి పద్దెనిమిది ఒంటిగది ఖోలీలు. తొమ్మిదోది నాది. పదోది రత్నక్కది.

రేషన్ కార్డుల ఆమె పేరు రత్నాబాయి. నాగ్‌పాడాల గుండీల కార్ఖానాల పాలిష్ పని. పన్నెండేండ్లప్పుడు పోయి ఆ పీట మీద కూసున్నది. 1988ల నేను చెప్పే సంగతి జరిగేనాటికి ఆమెకు యాభై రెండు. అంగి గుండీలు, కోటు గుండీలు, ఎన్ని లక్షలు ఆ వేళ్ల కింద నుంచి పోయినయో ఆ దేవునికే ఎరుక. ఆమె పనిల అసలు గొప్ప జోడి కలుపుడు. ఒక కోటుకు ఆరు గుండీలంటే ఆరింటి నునుపు ఒక్కతీరుగ ఉండాలె గదా. కండ్లు మూసుకుని బొటనవేలితోని రాసి చూస్తది. "ఇది ఈ తల్లి పిల్ల గాదు" అని ఒకదాన్ని తీసి అవతల పడేస్తది. మల్ల కార్ఖానా సేటు భూతద్దం పెట్టి చూస్తే ఆమె మాటే నిజమైతది.

ఇంక ఆమె జడ. యాభై దాటినా నడుము కిందికి దిగే నల్లటి జడ. పొద్దుగాల కొబ్బరినూనె పెట్టుకుని వరండాల కూసుని దువ్వుకుంటుంటే చాళి ఆడోళ్లందరికీ కడుపు మంటే. పెనిమిటి శంకర్రావు ఓడల గోదిల హమాలీ, మాట తక్కువ మనిషి. పెండ్లయిన కాడి నుంచి శుక్కురారం శుక్కురారం ఒక మల్లెపూల దండ తెచ్చి ఆమె చేతుల పెట్టుడు, ఆమె జడల తురుముకునుడు, ఒక్క వారం తప్పలే. ముప్పై మూడేండ్లు! నేను మా ఇంటిదానికి ఒక్కసారి తెచ్చిన, ఏం తప్పు చేసినవ్ చెప్పు అన్నది.

ఆ యేడు వానకాలంల భూదేవి అని తొమ్మిదేండ్ల పిల్ల మా ఆస్పత్రిల చేరింది. తండ్రి యాదయ్య మహబూబ్‌నగర్ జిల్లా మనిషి, ధారావిల గుడిసె, బిల్డింగుల మీద కూలి పని. ఆయనకు హిందీ రాదు, మరాఠీ అసలే రాదు. తెలుగోళ్లు ఎవరొచ్చినా డాక్టర్లు నన్నే పిలుస్తరు. నేను నూనె చేతులు తుడుసుకుంట పోయి మాట అందిస్త. అట్ల ఆ మాట నా నోటితోనే చెప్పవలసి వచ్చింది. బిడ్డ ఎడమ కన్ను ఇంక రాదు. కుడికంటి నరం పక్కన శనగ గింజంత గడ్డ ఉన్నది. దాన్ని కిరణాలతోని మాడ్పకుంటే ఆ కన్ను గూడ పోతది. యాదయ్య నా రెండు చేతులు పట్టుకున్నడు. "అన్నా, ఒక్క కన్ను నిలవెట్టుండ్రి. దానికి ఒక్కటున్నా బతుకుతది" అన్నడు. సిమెంటు తిని పగిలిన చేతులు అవి.

ఆస్పత్రిల కిరణాల లెక్క చూసేది కర్ణిక్ మేడమ్. సన్నటి మనిషి, పెద్ద కండ్లద్దాలు, కోపం నా అంతనే. ఆమె నన్ను పిలిచి కాయితం మీద గీసి చెప్పింది. వెడల్పు కిరణం కొడితే గడ్డతోపాటు నరం మాడుతది. చిటికెన వేలి గోరంత సన్నటి కిరణం కొట్టాలె. కొట్టే మిషన్ ఉన్నది. కాని ఆ కిరణం ఎంత బలంగ పడుతున్నదో కొలిచే సామాను ఆమె దగ్గరున్నది చిక్కుడు గింజంత. నల్లా నుంచి దారమంత ధార పడుతుంటే కింద పళ్లెం పెట్టి కొలిస్తే ఎట్లుంటది? ధార పడేది నడుమనే, చుట్టు పళ్లెమంతా పొడి. నీళ్లు తక్కువున్నయని చెప్తది పళ్లెం. ఆ మాట నమ్మి డాక్టర్ ఎక్కువ కొడితే పిల్ల నరం పోయినట్టే.

"కొలవకుండ నేను సంతకం పెట్ట, తుకారాం" అన్నది మేడమ్. "సంతకం లేకుంటే వెడల్పు కిరణమే కొడతరు. అప్పుడు గడ్డ పోతది, కన్నూ పోతది."

ఆమె దగ్గర బిస్కట్టంత ప్లాస్టిక్ పలక ఒకటున్నది, పై దేశం నుంచి ఎవరో ప్రొఫెసర్ ఇచ్చిండట. చూస్తే మామూలు అద్దపు బిళ్లనే. కాని కిరణం తగిలితే సన్నగ నీలం వెలుతురు ఇస్తది. ఎంత కిరణం పడితే అంత వెలుతురు. దాంట్ల నుంచి బియ్యపు గింజంత ముక్క తీసి, చీపురు పుల్లంత అద్దమోలె తెల్లటి కడ్డీ కొసకు అతికిస్తే, ఆ వెలుతురు కడ్డీల నుంచి నడిచి అవతల కొసకున్న యంత్రంల లెక్కకొస్తది. చిక్కేందంటే కిరణం పడ్డప్పుడు ఆ కడ్డీ సుత ఉత్తగనే జర మెరుస్తది. అది దొంగ వెలుతురు. అందుకే పక్కన గింజ లేని ఇంకో కడ్డీ పెట్టాలె. గింజ ఉన్నదాంట్ల నుంచి లేనిదాన్ని తీసేస్తే అసలు లెక్క మిగులుతది. గింజ కొసలు అద్దమోలె ఉండాలె. రెండు కడ్డీలు కవల పిల్లలోలె ఉండాలె.

"ఇంకో సంగతి" అన్నది మేడమ్. "ఈ ప్లాస్టిక్‌కు జిడ్డు పడదు. వేలి జిడ్డు తగిలినా నాలుగు రోజులల్ల పగుళ్లొస్తయి. జాగ్రత్త."

నేను ఇంచులో వెయ్యో వంతు తేడా పట్టేటోన్ని, బియ్యపు గింజ నాకొక లెక్కనా అనుకున్న. లేతు మీద పెట్టిన. వేడికి కరిగింది. మెల్లగ తిప్పిన. కొస మసకబారింది. ఏడు గింజలు ఖరాబు చేసిన. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఈ ప్లాస్టికే దరిద్రపుదని మేడమ్ ముందట తిట్టిన. ఆమె మిగిలిన పలక ముక్కను చూసింది, గోడ మీది క్యాలెండర్ చూసింది. పదమూడు రోజులల్ల సోమవారం నాడు పిల్లకు మొదలువెట్టాలె. అంతకన్న ఆగితే గడ్డ ఆగదు.

ఆ సాయంత్రం ఏడో గింజను అగ్గిపెట్టెల ఏసుకుని ఇంటికొచ్చి వరండాల తలకాయ పట్టుకుని కూసున్న. రత్నక్క నీళ్ల బిందెతోని పోతూ ఆగింది.

"ఏంది తమ్మి, చిన్నపోరనోలె అగ్గిపెట్టెతోని ఆడుకుంటున్నవా?"

పిల్ల సంగతి చెప్పి, గింజను చూపించిన. బొటనవేలితోని కొసను రాసింది. "కాలింది ఇది. మిషన్ల పెట్టినవా? బుద్ధిలేదా? పసిపిల్ల చెంప రుద్దినట్టు రుద్దాలె దీన్ని. తే ఇటు."

ఇచ్చిన. మర్నాడు మిగిలిన పలక ముక్కల సగం, రెండు కడ్డీలు సుత తెచ్చిచ్చిన. మేడమ్‌కు చెప్పలే. కార్ఖానాల గుండీలు రుద్దే ఆమెకు ఆస్పత్రి సామాను ఇచ్చిన్నంటే లేతు మీది నా టర్నర్ గిరి ఏం గావాలె? రత్నక్క కార్ఖానా నుంచి వచ్చినంక, దీపాలు పెట్టేదాక వరండాల కూసుని రుద్దింది. నీళ్లు, తడిపిన గరుకు కాయితం, దాని మీద ఇంకా సన్నది, ఆఖరుకు సుద్దనీళ్లు, మెత్తటి పాతబట్ట. చెయ్యి ఉరికేది గాదు. ఒక్క దిక్కే, ఒక్క తీరుగ. మూడోనాటికి గింజ అయింది. బట్టతోని తుడిచి, చెయ్యి పైకి పోయి, జడల ఒక్కసారి రాసి, నా అరచేతుల పెట్టింది. నీటి చుక్క పెట్టినట్టున్నది. జడల రాసింది నేను నా రెండు కండ్లతోని చూసిన. జిడ్డు సంగతి యాదికి రాలే. చెప్పాల్నని తోచలే.

మేడమ్ భూతద్దం కింద పెట్టి చూసి, "తుకారాం, ఇది నువ్వు చేసినవా?" అన్నది. "హౌ మేడమ్" అన్న. సిగ్గు లేకుండ అన్న. అతికించి, మనిషి ఒంటికి బదులు నీళ్ల తొట్టిల పెట్టి కిరణం కొట్టి కొలిస్తే యంత్రం ముల్లు కుదురుగ నిలబడ్డది. మేడమ్ నవ్వుడు ఆస్పత్రిల చూసినోళ్లు తక్కువ. ఆ పొద్దు నవ్వింది.

నాలుగు రోజులు. అదే కిరణం, అదే తొట్టి, లెక్క మాత్రం దినదినం తగ్గుతున్నది. మేడమ్ వైర్లు మార్చింది, యంత్రం విప్పింది. గురువారం నాడు గింజను భూతద్దం కింద పెట్టి నన్ను పిలిచింది. చూసిన. కొస నిండా సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు మట్టోలె. "నువ్వు వేళ్లతోని పట్టినవ్" అన్నది. తేలు కుట్టిన దొంగలెక్క నిలబడ్డ. సోమవారానికి నాలుగు రోజులు. పలకల మిగిలింది ఒక్క గింజకు సరిపోయే ముక్క.

ఇంటికి పోయి ఏం చేసిన్నో చెప్పమంటరా? నా తప్పంతా ఆమె మీద ఒంపిన. పద్దెనిమిది ఖోలీలు వినేటట్టు ఒర్రిన. "గుండీలు రుద్దుకునేదానికి ఆస్పత్రి పని ఇచ్చుడు నాదే బుద్ధి తక్కువ! ఒక పిల్ల కన్ను తీసినవ్!" అన్న. కన్ను తీసినవన్న. నాలుక పడిపోయినా బాగుండేది ఆ పొద్దు.

రత్నక్క చెయ్యి చాపింది. నేను తెచ్చిన పగిలిన గింజను ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది. మెల్లగ కూలబడ్డది.

"కొబ్బరినూనె, తమ్మి. నా జడది. గుండీకి ఆఖరి మెరుపు జుట్టుతోనే తెస్తం, కార్ఖానాల అందరిదీ అదే పద్ధతి. నలభై ఏండ్ల సంది చెయ్యి తనంతట తనే పోతది. నేను రాసిన సంగతి నాకే తెల్వది." గింజను నా చేతుల పెట్టి అడిగింది, "జిడ్డు తగలొద్దని ఆ మేడమ్ నీకు చెప్పలేదా?"

నేను తలకాయ దించుకున్న. ఆమెకు సమజైంది. నన్ను తిట్టవచ్చు, నా తిట్లు నాకే అప్పజెప్పవచ్చు. "రేపు నన్ను తీస్కపో. తప్పు నాది, నేనే చెప్త" అన్నది. అంతే.

శుక్కురారం పొద్దుగాల కార్ఖానా ఎగ్గొట్టి ఆస్పత్రికొచ్చింది. మేడమ్ ముందట నిలబడి తన మరాఠీల మొత్తం చెప్పింది. రుద్దింది తనని, నూనె తగిలిచ్చింది తనని. నా అబద్ధం బయటపడ్డది. మేడమ్ నా దిక్కు చూసిన చూపు నాకు ఇయ్యాలటికీ యాదికున్నది. తర్వాత రత్నక్క రెండు చేతులు పట్టుకుని బొటనవేళ్లు చూసింది. గీతలన్నీ అరిగి నున్నగయిన వేళ్లు. "మల్ల చేస్తవా, బాయీ?" అన్నది.

"ముందుగాల ఆ పిల్లను చూపించుండ్రి" అన్నది రత్నక్క.

వార్డుల భూదేవి మంచం మీద కూసున్నది. తెలుగు మాట వినవడంగనే మొఖం తిప్పింది. రత్నక్క పక్కన కూసుంటే ఆమె జడ పిల్ల చేతికి తగిలింది. "అబ్బ, ఎంత పొడుగున్నదవ్వా!" అని జడను కుడికంటికి ఆనించుకున్నట్టే పట్టుకుని వెతుకుతున్నది.

"ఏం వెతుకుతున్నవ్ బిడ్డా?"

"తెల్ల వెంట్రుకలు. ఊర్ల మా అవ్వకు నేనే పీకేదాన్ని, ఒక్కోదానికి పేలాలు పెట్టేది. ఇప్పుడు కనవడ్తలేవు." వెతికి వెతికి ఇడిసిపెట్టింది. పిల్ల వేళ్లకు నూనె అంటుకున్నది. రత్నక్క తన కొంగుతోని ఒక్కో వేలు తుడిచింది, మస్తుసేపు తుడిచింది.

ఆఖరి పలక ముక్క, కడ్డీలు డబ్బాల పెట్టుకుని ఇంటికొచ్చినంక కుంకుడుకాయతోని తల రుద్దుకున్నది. ఎండబెట్టుకుని, ఒక వార్తల కాయితం ముక్కను జుట్టుల రాసి వెలుతురుకు పెట్టి చూసింది. నూనె మరక. మల్ల రుద్దుకున్నది. మల్ల మరక. నేను చూడలేక, "అక్కా, తలకు బట్ట కట్టుకో" అన్న. కట్టుకున్నది. వట్టి గుండీ ఒకటి పట్టుకుని రుద్ది చూసింది. చెయ్యి పైకి పోయి, బట్టను పక్కకు నూకి, జుట్టుల రాసే వచ్చింది. మూడుసార్లు చూసింది, మూడుసార్లు అంతే. నాలుగోసారి నేను చెయ్యి పట్టుకున్న. "నువ్వు పట్టుకుంటే పాలిష్ ఎట్లొస్తది?" అని ఇదిలిచ్చుకున్నది. ఆ పూట శంకర్రావు దండ తెచ్చిండు. తడి జుట్టుల పెట్టుకుని ఏమో ఆలోచన చేసుకుంట కూసున్నది.

శనివారం పొద్దుగాల గల్లీ మూలకున్న వెంకటయ్య సెలూన్ ముందట మందైంది. లోపల కుర్చీల రత్నక్క. వెంకటయ్య కత్తి మడిచి పక్కన పెట్టిండు.

"పెనిమిటి బతికుండంగ గుండేంది రత్నక్కా? మొక్కుంటే తిరుపతికి పో. నా చేతులతోని నేను చెయ్య."

"చెయ్యి తలమీదికి పోతే జుట్టు తగలాలె, అది దాని అలవాటు" అన్నది రత్నక్క, నా దిక్కు చూసుకుంట. "తగలకపోతే చేతికే యాదికొస్తది. గుండు చెయ్యి, వెంకటయ్యా. నాకు టైం లేదు."

వెంకటయ్య పక్కన నిలబడ్డ శంకర్రావు మొఖం చూసిండు. ఆ మాట తక్కువ మనిషి, "ఆమె చెప్తున్నది గదా, చెయ్" అన్నడు. అని బయటికి పోయి గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు. జడ కింద పడ్డది. నేను ఏడ్చిన, దాచుకునుడెందుకు.

ఆ రోజు నుంచి ఆదివారం మధ్యాహ్నం దాక వరండాల కూసున్నది. చేతులు సబ్బుతోని కడిగి, వెదురుపుల్లను కొసకు చీల్చి గింజను దాంట్ల ఇరికించింది. వేలు తగలదు, పుల్లల నుంచే చేతికి తెలుస్తది. కడ్డీలను గూడ మల్ల రుద్దింది. కొసలు ముట్టకుండ, చెవి దగ్గర పెట్టుకుని బట్ట మీద నడిపి సప్పుడు విన్నది. "ఇది నున్నగున్నది, ఇది గరుకు. జర ఆగు" అని గరుకుదాన్ని ఇంకో పది గీతలు రుద్దింది. "ఇప్పుడు ఒక్క తల్లి పిల్లలు."

గింజ అయింది. బట్టతోని తుడిచింది. చెయ్యి లేచింది. పుల్ల తలదాక పోయింది, మణికట్టు బోడిగుండుకు తగిలింది, ఆగింది. రత్నక్క కండ్లు పెద్దవి చేసి తన చెయ్యి తనే చూసుకున్నది. తర్వాత మెల్లగ కిందికి దించి, నేను పట్టిన సీసాల గింజను జారిడిసింది. "యాదికొచ్చింది చూడు" అన్నది, నవ్వింది.

సాయంత్రం మేడమ్ కొలిచి సంతకం పెట్టింది. సోమవారం పిల్లకు మొదలువెట్టిన్రు. ఆరు వారాలు, రోజూ పొద్దుగాల ముందు గింజతోని కిరణం కొలుచుడు, తర్వాతనే పిల్ల. ముల్లు ఇటు కదల్లే, అటు కదల్లే. నేను ఆ కడ్డీలకు ఇత్తడి టోపీ చేసి దాని మీద "ర" అని చెక్కిన. ఏందది అని మేడమ్ అడిగితే, చేసినామె పేరు అన్న. ఆమె రిజిస్టర్ల తన చేతితోని రాసుకున్నది: పాలిష్, రత్నాబాయి, కామాటిపుర.

మధ్యల ఒక ముచ్చట. గుండైనంక వచ్చిన మొదటి శుక్కురారం శంకర్రావు దండ తెచ్చిండు. గడపల నిలబడ్డంక గాని యాదికి రాలే పాపం. దండ పట్టుకుని దిక్కులు చూస్తున్నడు. రత్నక్క గుంజుకుని మెడలేసుకున్నది. "నీ చేతికి గూడ అలవాటు పోలేదా?" అన్నది. చాళంతా నవ్వింది. కార్ఖానాల మాత్రం నవ్వలేదట. ఆమె గుండీలకు ఆఖరి మెరుపు పక్కన కూసున్న గంగాబాయి తన జడల రాసిచ్చేదట, రోజూ, అడగకుండనే.

మూణ్ణెల్లకు యాదయ్య బిడ్డను చెకప్‌కు తెచ్చిండు. లోపల డాక్టర్లు ఏం చూసిన్రో, మేడమ్ మొఖంల ఏం కనవడలే, బయటికి చెప్పలే. సాయంత్రం వాళ్లను నేనే చాళికి తీస్కొచ్చిన. రత్నక్క మెట్టు మీద కూసున్నది. జుట్టు రెండు వేళ్లంత మొలిచింది, నల్లగ, తుమ్మెదలోలె. నేను యాదయ్య దిక్కు చూసిన, ఆయన నా దిక్కు చూసిండు. పిల్లకు చూపు నిలిచిందా అని అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

భూదేవి వచ్చి రత్నక్క వెనక నిలబడ్డది. జడ ఏదవ్వా అని అడగలే. వంగింది. కంటికి ఆనించుకోలే, మామూలుగ వంగింది, ఎవరైనా వంగినట్టు.

"అవ్వా, కదలకు. ఇక్కడ ఒకటి తెల్లగున్నది."

"ఉంటే పీకు బిడ్డా" అన్నది రత్నక్క.

పిల్ల రెండు వేళ్లు పెట్టింది. ఒక్కసారికే పట్టింది. పీకి, వెలుతురుకు పెట్టి చూపించింది. ఒక్కటే వెంట్రుక, తెల్లది. రత్నక్క దాన్ని అరచేతుల పెట్టుకుని లోపలికి పోయింది. పేలాల డబ్బా తెచ్చి మొత్తం ఆ పిల్ల ఒళ్లె ఒంపింది.